పాత జాయ్‌స్టిక్, కొత్త విండోస్: డ్రైవర్ వెతకాలా, అడాప్టర్ కొనాలా, లోపలి బోర్డే మార్చాలా?

పదిహేను ఇరవై ఏళ్ల కిందటి ఫ్లైట్ జాయ్‌స్టిక్ కొత్త కంప్యూటర్‌లో పని చేయకపోతే అందరూ ముందు వెతికేది తయారీ కంపెనీ డ్రైవర్ కోసం. చాలాసార్లు ఆ వెతుకులాట దండగ. కొన్నిసార్లు వెతికి పట్టుకొచ్చిన ఆ డ్రైవరే అసలు రోగం. యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లు దాదాపు అన్నీ హెచ్ఐడీ అనే ప్రామాణిక పద్ధతిలో మాట్లాడతాయి. కీబోర్డు, మౌస్ మాట్లాడేదీ అదే భాష. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. కంపెనీ సీడీలో వచ్చిన సాఫ్ట్‌వేర్ చేసేవి పైపనులు: బటన్లకు కీలు కేటాయించడం, విమానానికో ప్రొఫైల్ పెట్టుకోవడం, థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే మీట) మీది చిన్న తెరలో అక్షరాలు చూపడం, దీపాల రంగు మార్చడం. సీడీ పోయినంత మాత్రాన స్టిక్ అక్షాలు, అంటే ముందూవెనకా, అటూఇటూ కదలికలు, పని చేయకుండా పోవు.

యూఎస్‌బీకి ముందు జాయ్‌స్టిక్ తగిలించడానికి వాడిన గేమ్‌పోర్ట్ అనే రంధ్రం కాలం నాటి స్టిక్‌ల కథ వేరు. వాటికి నిజంగానే డ్రైవర్ లేదు, ఇక రాదు. అందుకే ఏ దారి పట్టాలో తేలాలంటే ముందు మీ దగ్గరున్నది ఏ జాతిదో తెలియాలి.

తీగ చివర ఏముంది?

గేమ్‌పోర్ట్ ప్లగ్‌లో 15 పిన్నులు రెండు వరుసల్లో ఉంటాయి: ఒక వరుసలో 8, రెండో దాంట్లో 7. పాత మానిటర్ వీజీఏ ప్లగ్‌కూ పిన్నులు పదిహేనే గానీ వరుసలు మూడు, ప్లగ్ కూడా చిన్నది. ఈ రెండింటినీ తికమకపడి వీజీఏ అడాప్టర్ కొనుక్కొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సైటెక్ ఎక్స్52 రకంలో ఇంకో తీగ కనిపిస్తుంది. థ్రాటిల్‌ను స్టిక్‌కు కలిపే ఈ గుండ్రటి ప్లగ్ అచ్చం పాత కీబోర్డు పీఎస్/2 ప్లగ్‌లా ఉంటుంది. దాన్ని కంప్యూటర్ వెనక పీఎస్/2 రంధ్రంలో పెట్టకూడదు. దాని పిన్ను ఒకటి వంగినా, సగం దిగినా స్టిక్ అక్షాలు మధ్యలోనే బిగుసుకుపోయి థ్రాటిల్ మాత్రం మామూలుగా పని చేస్తుంటుంది. చూసేవాళ్లకు అది డ్రైవర్ లోపంలాగే అనిపిస్తుంది.

డివైస్ మేనేజర్ ఏమంటోంది?

స్టిక్ తగిలించి డివైస్ మేనేజర్ తెరవండి. వ్యూ మెనూలో దాచిన పరికరాలను చూపించు అన్నది ఎంచుకుంటే గతంలో తగిలించిన పాత నకళ్లు కూడా పాలిపోయిన రంగులో కనిపిస్తాయి. ఇక్కడ కనిపించే ఎర్రర్ కోడ్‌ను బట్టే సగం నిర్ణయం అయిపోతుంది.

కోడ్ 43, దాని పక్కన తెలియని యూఎస్‌బీ పరికరం అన్న పేరు ఉంటే కంప్యూటర్ అడిగిన మొదటి ప్రశ్నకే స్టిక్ జవాబివ్వలేదన్నమాట. ఏ డ్రైవర్ వేసినా ఇది పోదు. తీగ లోపల తెగిందేమో, ముఖ్యంగా స్టిక్ అడుగులోకి దూరే చోట, తీగను అటూ ఇటూ వంచి చూడండి. తీగ బాగుంటే పోర్ట్ మార్చాలి. పాత యూఎస్‌బీ చిప్‌లు కొన్ని కొత్త యూఎస్‌బీ 3 కంట్రోలర్లతో సరిగా కుదురుకోవు. మధ్యలో మామూలు యూఎస్‌బీ 2.0 హబ్ ఒకటి పెడితే చాలాసార్లు ఆ గొడవ అక్కడితో తీరుతుంది. ఇంతకంటే చవకైన మరమ్మతు ఇంకోటి లేదు, అయినా జనం దీన్ని చివర్లోనే ప్రయత్నిస్తారు. దీపాలు, తెర ఉన్న స్టిక్ అయితే ఆ హబ్‌కు సొంత కరెంటు ఉండాలి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ 500 మిల్లీఆంపియర్ల దాకా ఇస్తుంది, సొంత కరెంటు లేని హబ్ ఒక్కో రంధ్రానికి ఇవ్వవలసింది 100 మాత్రమే.

కోడ్ 52 అంటే డ్రైవర్ మీద ఉండాల్సిన డిజిటల్ సంతకాన్ని విండోస్ ఒప్పుకోలేదు. కోడ్ 39 అంటే డ్రైవర్ ఫైలు లోడ్ కాలేదు. ఫైలు పాడైనా ఇది రావచ్చు, విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ ఆ పాత డ్రైవర్‌ను అడ్డుకున్నా రావచ్చు. కోడ్ 28 అంటే డ్రైవరే పడలేదు. ఈ మూడూ కనిపించేది ఎక్కువగా కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసిన తరువాతే.

ఎర్రర్ ఏదీ లేకుండా స్టిక్ తిక్కగా ప్రవర్తిస్తుంటే రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని ఆంగ్లంలో కొట్టి గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరవండి. ప్రాపర్టీస్‌లో టెస్ట్ పేజీకి వెళ్లి ఒక్కో అక్షాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి పది సెకన్లు పట్టేంత నెమ్మదిగా జరపండి. ప్రతిసారీ ఒకే చోట ఎగిరిపడుతుంటే లోపల స్టిక్ ఎక్కడుందో కొలిచే తిరిగే నిరోధకం, అంటే పొటెన్షియోమీటర్, అరిగింది. కదిపినప్పుడు పరికరం మాయమై, విండోస్ డింగుమని మళ్లీ కనిపిస్తే తీగ. సగం జరిపేసరికే చివరకు చేరిపోతుంటే పాత కాలిబ్రేషన్ (అక్షం చివరలు, మధ్య ఎక్కడో విండోస్ దాచుకున్న లెక్క) మిగిలి ఉంది. ఇక్కడ అన్నీ నున్నగా కదిలి సిమ్యులేటర్‌లో మాత్రం తేడా వస్తుంటే స్టిక్‌నూ డ్రైవర్‌నూ వదిలేసి సిమ్యులేటర్ సెట్టింగులు చూసుకోండి.

యూఎస్‌బీ స్టిక్ అయితే: మూడు దారులు

మొదటిది విండోస్ సొంత డ్రైవర్‌తో సరిపెట్టుకోవడం. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో, యూఎస్‌బీ సైడ్‌వైండర్లు, సీహెచ్ ప్రొడక్ట్స్ యూఎస్‌బీ స్టిక్‌లు, థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం లాంటివాటికి ఇదే సరైన దారి. ఆటలు జాయ్‌స్టిక్‌ను చదివే విండోస్ పద్ధతి డైరెక్ట్ ఇన్‌పుట్‌లో ఒక పరికరానికి 8 అక్షాలు, 128 బటన్లు, 4 హ్యాట్ స్విచ్‌ల (బొటనవేలితో నాలుగు దిక్కులా తోసే చిన్న మీటల) వరకు చోటుంది, ఏ పాత స్టిక్‌కైనా అది ఎక్కువే. మరీ పాత ఆటలు వాడే విండోస్ మల్టీమీడియా పద్ధతిలో మాత్రం 6 అక్షాలు, 32 బటన్లు దాటవు. పాత సిమ్యులేటర్‌లో ఏడో అక్షం కనబడకపోతే అది స్టిక్ తప్పు కాదు.

ఇంతకు ముందు కంపెనీ డ్రైవర్ వేసి ఉంటే దాన్ని ఆనవాలు లేకుండా తీసెయ్యాలి. ముందు ప్రోగ్రామ్‌ల జాబితాలోంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తరువాత డివైస్ మేనేజర్‌లో ఆ స్టిక్ పేరుతో ఉన్న ప్రతి వరుస మీదా, పాలిపోయిన నకళ్లతో సహా, అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించే గడిలో టిక్కు పెట్టండి. ఆ టిక్కు మరిచిపోతే మళ్లీ తగిలించగానే అదే డ్రైవర్ తిరిగొస్తుంది. స్టిక్ పీకి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, తిరిగి తగిలించండి. అప్పటికీ పాత పేరే వస్తుంటే అప్‌డేట్ డ్రైవర్‌లోకి వెళ్లి, కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి ఎంచుకుంటాను అని చెప్పి, యూఎస్‌బీ ఇన్‌పుట్ డివైస్ అన్నదాన్ని బలవంతంగా ఎంచాలి.

ఆ తరువాత రెండు చిన్న పనులు. గేమ్ కంట్రోలర్ల కిటికీలో సెట్టింగ్స్ పేజీలోని రీసెట్ టు డీఫాల్ట్ నొక్కితే పాత కాలిబ్రేషన్ చెరిగిపోతుంది. ఆ బటన్ బూడిద రంగులో ఉంటే చెరపడానికి ఏమీ లేదనే అర్థం. రెండోది కరెంటు పొదుపు. అరగంట ఆటోపైలట్ మీద వదిలేసి వచ్చి చూస్తే స్టిక్ చచ్చిపడి ఉందంటే విండోస్ దాన్ని నిద్రపుచ్చింది. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌లు ఒక్కొక్కటీ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి అన్న టిక్కు తీసేయండి. పవర్ ప్లాన్ అధునాతన సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను కూడా ఆపండి. సైటెక్ యోక్‌లు, థ్రాటిల్ క్వాడ్రంట్లు వాడేవాళ్లకు ఈ జబ్బు బాగా పరిచయం.

రెండో దారి కంపెనీ పాత డ్రైవర్‌ను ఎలాగైనా ఎక్కించడం. అందులోనే ఉండి, మీరు నిజంగా వాడుకునే సౌకర్యం ఏదైనా ఉంటేనే ఈ తలనొప్పి పెట్టుకోవాలి. ఎక్స్52 ప్రో తెర మీద రేడియో ఫ్రీక్వెన్సీలు కనబడాలనుకోవడం అలాంటి కారణం. థ్రాటిల్‌నూ పెడల్స్‌నూ స్టిక్‌నూ కలిపి ఆటకు ఒకే పరికరంగా చూపించే సీహెచ్ కంట్రోల్ మేనేజర్ మ్యాపులు ఏళ్ల తరబడి కట్టుకొని ఉండటం ఇంకోటి. "ఒరిజినల్ డ్రైవర్ ఉంటే బాగుంటుంది కదా" అన్నది కారణం కాదు.

ఈ దారిలో అడ్డు గోడలు రెండు. విండోస్ 11 అంటే 64 బిట్ మాత్రమే, అందులో 32 బిట్ కెర్నల్ డ్రైవర్ (విండోస్ గుండెలో నడిచేది) ఏ ఉపాయంతోనూ లోడ్ కాదు. కంపాటిబిలిటీ మోడ్‌లో విండోస్ ఎక్స్‌పీ ఎంచుకుంటే మోసపోయేది ఇన్‌స్టాలర్ ఒక్కటే. అది నవ్వుతూ పని పూర్తి చేస్తుంది, డ్రైవర్ మాత్రం అక్కడే పడి ఉంటుంది. రెండో గోడ సంతకం. 64 బిట్ విస్టా నుంచి కెర్నల్ డ్రైవర్‌కు డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి కొత్త డ్రైవర్లు మైక్రోసాఫ్ట్ ద్వారానే సంతకం చేయించుకోవాలి. షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్‌లో స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి 7 నొక్కితే ఆ తనిఖీ ఆగుతుంది గానీ ఆ ఒక్క బూట్‌కే. శాశ్వతంగా టెస్ట్ మోడ్‌లో పెట్టుకుంటే ఆన్‌లైన్ ఆటల్లో చీటింగ్‌ను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ తెరుచుకోననొచ్చు. పైగా జాయ్‌స్టిక్ కోసం ఇంటి ప్రధాన ద్వారం గొళ్లెం తీసేసినట్టవుతుంది. మెమరీ ఇంటిగ్రిటీని ఆపడం కూడా అలాంటిదే. బ్యాంకు పనులు, ఉద్యోగం పనులు చేసే కంప్యూటర్ మీద ఈ రెండూ వద్దు. సైటెక్ బ్రాండ్ 2016లో లాజిటెక్ చేతికి వెళ్లింది కాబట్టి ఎక్స్52, ఎక్స్52 ప్రో, ఎక్స్56 లాంటి మోడళ్లకు సాఫ్ట్‌వేర్ కోసం పాత సీడీని కాదు, లాజిటెక్ సహాయ పేజీని చూడాలి.

మూడో దారి కంపెనీ డ్రైవర్ చేసే పనిని వేరే ప్రోగ్రామ్‌లతో చేయించుకోవడం. మా ఓటు దీనికే, కాకపోతే మొదటి దారి చాలకపోయినప్పుడే. జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ అసలు స్టిక్‌ను చదువుతుంది. వీజాయ్ ఒక ఊహా జాయ్‌స్టిక్‌ను సృష్టిస్తుంది. హిడ్‌హైడ్ అసలు స్టిక్‌ను ఆట కళ్లకు కనబడకుండా దాస్తుంది. ఈ మూడూ కలిస్తే మోడ్‌లు, షిఫ్ట్ బటన్, మాక్రోలు, రెండు పరికరాలను ఒకటిగా కలపడం, అన్నీ ఏ కంపెనీ స్టిక్‌తోనైనా చేయవచ్చు.

ఇక్కడ వరుస తప్పితే గంటలు పోతాయి. ముందు వీజాయ్ వేసి, దాని సెట్టింగుల్లో 8 అక్షాలు, మీకు కావలసినన్ని బటన్లు తెరవండి. మొదట్లో వచ్చే 8 బటన్లు చాలవు. తరువాత గ్రెమ్లిన్‌లో అసలు అక్షాన్ని ఊహా అక్షానికి కలపండి. చివర్లో హిడ్‌హైడ్: ముందు దాని అనుమతి జాబితాలో గ్రెమ్లిన్ ప్రోగ్రామ్ ఫైలు చేర్చి, ఆ తరువాతే స్టిక్‌కు టిక్కు పెట్టి దాచే స్విచ్ వేయాలి. అనుమతి ఇవ్వకుండా దాస్తే గ్రెమ్లిన్‌కూ స్టిక్ కనబడదు. అసలు దాచకపోతే ఆటకు రెండు స్టిక్‌లు కనిపించి, ఒక్కసారి లాగితే రెండు సంకేతాలు వెళ్తాయి. విమానం కుదుపులకు లోనవుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఆటకు ముందే గ్రెమ్లిన్ తెరిచి ప్రొఫైల్ ఆన్ చేయడం అలవాటు చేసుకోవాలి. కేవలం మధ్యలో కొంచెం డెడ్ జోన్ (చిన్న కదలికలను పట్టించుకోని చోటు), స్పందనలో కొంచెం వంపు కావాలంటే ఈ సరంజామా ఏమీ అక్కర్లేదు. ఇప్పటి సిమ్యులేటర్లన్నిటిలో ఆ రెండూ ఉన్నాయి.

గేమ్‌పోర్ట్ స్టిక్ అయితే

1981లో ఐబీఎం పీసీతో మొదలైన ఈ పోర్ట్ పని చేసే తీరే విచిత్రం. స్టిక్‌లోని పొటెన్షియోమీటర్, మామూలుగా 100 కిలోఓమ్‌లది, ఒక కెపాసిటర్‌ను నింపుతుంది. అది నిండడానికి పట్టిన కాలాన్ని ప్రాసెసర్ లెక్కబెట్టి స్టిక్ ఎక్కడుందో ఊహిస్తుంది. ఒక పోర్ట్‌కు 4 అక్షాలు, 4 బటన్లు. విండోస్ విస్టా ఈ పోర్ట్‌కు మద్దతు తీసేసింది, ఎక్స్‌పీతోనే దాని ఆయువు తీరింది. కాబట్టి ఇక్కడ డ్రైవర్ కోసం వెతకడం ఎండమావుల వెంట పరుగే. నిర్ణయించుకోవాల్సింది ఏ అడాప్టర్ అన్నదే.

చవకగా దొరికే గేమ్‌పోర్ట్ నుంచి యూఎస్‌బీ అడాప్టర్ లోపల చిన్న చిప్ ఉండి నిరోధాన్ని కొలిచి హెచ్ఐడీ జాయ్‌స్టిక్‌గా చూపిస్తుంది. శుద్ధ అనలాగ్ స్టిక్‌లకు ఇది చాలు. చిక్కు హ్యాట్ దగ్గర వస్తుంది. నాలుగు బటన్ల పోర్ట్‌లో హ్యాట్‌ను ఇరికించడానికి సీహెచ్ ఫ్లైట్‌స్టిక్ ప్రో ఒక ఎత్తు వేసింది: హ్యాట్ నొక్కితే ఒకేసారి కొన్ని బటన్లు నొక్కినట్టు సంకేతం పంపుతుంది. అందుకే ఆ స్టిక్‌లో రెండు బటన్లు కలిపి నొక్కడం కుదరదు. థ్రస్ట్‌మాస్టర్ ఎఫ్‌సీఎస్ ఇంకో ఎత్తు వేసి, హ్యాట్ దిక్కులను నాలుగో అక్షం మీద మెట్లుగా పంపింది. సీహెచ్ పద్ధతిని గుర్తుపట్టే మోడ్ లేని అడాప్టర్‌లో హ్యాట్ నొక్కితే తుపాకీ, బ్రేకు, ఫ్లాప్స్ ఒకేసారి పని చేస్తాయి! థ్రస్ట్‌మాస్టర్ రకాన్ని మాత్రం గ్రెమ్లిన్‌లో అక్షాన్ని ముక్కలుగా విభజించి ఒక్కో ముక్కకు ఒక్కో బటన్ ఇచ్చి దారికి తేవచ్చు.

అసలు ఉచ్చు డిజిటల్ గేమ్‌పోర్ట్ స్టిక్‌లది. మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ 3డీ ప్రో, ప్రెసిషన్ ప్రో, ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రో, లాజిటెక్ వింగ్‌మ్యాన్ ఎక్స్‌ట్రీమ్ డిజిటల్, గ్రావిస్ బ్లాక్‌హాక్ డిజిటల్ ఈ గుంపులోవి. ప్లగ్ అదే 15 పిన్నులు. లోపలి సంభాషణ మాత్రం బటన్ పిన్నుల మీద నడిచే సొంత డిజిటల్ భాష. చవక అడాప్టర్ దీని ముందు మూగ. 3డీ ప్రోకు పాత అనలాగ్ స్టిక్‌లా నటించే మోడ్ ఉంది గనుక అది తప్పించుకుంటుంది. ప్రెసిషన్ ప్రోతో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన చిన్న యూఎస్‌బీ అడాప్టర్ చూసి కూడా మోసపోవద్దు. అందులో ఉన్నది తీగల కలయిక మాత్రమే, యూఎస్‌బీ తెలివి స్టిక్‌లోనే ఉంది. వేరే స్టిక్‌కు తగిలిస్తే ఏమీ జరగదు.

డిజిటల్ వాటికి నమ్మకమైన మందు ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న ఆర్డుయినో ప్రో మైక్రో బోర్డు, ఒక ఆడ 15 పిన్నుల సాకెట్, ఈ స్టిక్‌ల భాషలు తెలిసిన ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ (బోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్). టంకం పని ఒక సాయంత్రంలో అయిపోతుంది. పిన్నుల లెక్క ఇది: 1, 8, 9లో 5 వోల్టులు, 4, 5లో గ్రౌండ్. బటన్లు 2, 7, 10, 14. అక్షాలు 3, 6, 11, 13. మిగిలిన 12, 15 పిన్నులను సౌండ్ కార్డులు మిడి (సంగీత వాయిద్యాల సంకేతాలు) కోసం వాడుకున్నాయి. 15వ పిన్ అసలు ఐబీఎం కార్డులో 5 వోల్టులది, కాబట్టి ఎక్కడో చూసిన బొమ్మను నమ్మి తీగ కలిపే ముందు మీటర్‌తో చూసుకోండి.

ఎక్స్‌పీ నడిచే పాత కంప్యూటర్‌ను, గేమ్‌పోర్ట్ ఉన్న సౌండ్ బ్లాస్టర్ లైవ్ లాంటి కార్డుతో అలాగే ఉంచుకోవడం ఇంకో ఎంపిక. ఆ కాలపు సిమ్యులేటర్లే ఆడతామనేవాళ్లకు ఇదే అన్నిటికంటే సుఖం. లైనక్స్ కెర్నల్‌లో సైడ్‌వైండర్, లాజిటెక్ ఏడీఐ, గ్రావిస్ గ్రిప్ భాషలకు డ్రైవర్లు ఉన్నాయి, కానీ వాటికీ నిజమైన గేమ్‌పోర్ట్ ఉన్న పీసీఐ కార్డు కావాలి. చవక యూఎస్‌బీ అడాప్టర్ లైనక్స్‌లోనూ మూగే.

లోపలి బోర్డు మార్చడం ఎప్పుడు?

పిడి, స్ప్రింగులు, బరువైన అడుగు భాగం బాగుండి, ఎలక్ట్రానిక్స్ మాత్రమే చచ్చినప్పుడు. లోహపు గింబల్ (స్టిక్‌ను అన్ని వైపులా వంగనిచ్చే అమరిక) ఉన్న పాత స్టిక్‌లకు ఈ శ్రమ తగినదే. తేలిక ప్లాస్టిక్ వాటికి కాదు, గింబల్ అరిగితే బోర్డు ఏం చేస్తుంది.

బోర్డుల్లో మూడు ప్రధానమైనవి. లియో బోడ్నార్ బీయూ0836ఏ తయారుగా వస్తుంది, ఫర్మ్‌వేర్ ఎక్కించే పని లేదు, 12 బిట్ల 8 అక్షాలు, 32 బటన్లు. టంకం వరకు వచ్చిన చేతికి, ప్రోగ్రామింగ్ అంటే భయం ఉన్నవాళ్లకు ఇదే. ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్ ఉన్న బ్లూ పిల్ బోర్డు మీద ఫ్రీజాయ్ ఫర్మ్‌వేర్ వేస్తే చవకలో 12 బిట్ల 8 అక్షాలు, 128 బటన్ల దాకా వస్తాయి, డిజిటల్ అయస్కాంత సెన్సర్లనూ అది చదువుతుంది. ప్రో మైక్రో మీద ఎంఎంజాయ్2 మూడోది. వోల్టేజీని అంకెగా మార్చే దాని సొంత ఏడీసీ 10 బిట్లదే.

బిట్ల తేడా కాగితం మీది గొప్ప కాదు. పొటెన్షియోమీటర్ సుమారు 300 డిగ్రీలు తిరిగేలా తయారవుతుంది, స్టిక్ దాన్ని 60 డిగ్రీలే తిప్పుతుందనుకోండి. 10 బిట్ల 1024 మెట్లలో మీకు దక్కేది ఐదో వంతు, దాదాపు 205. 12 బిట్లలో అదే 819. గాల్లో ఇంధనం నింపుకోవడానికి ట్యాంకర్ వెనక నిలబడాలంటే ఆ తేడా వేళ్లకు తెలుస్తుంది.

తీగల దగ్గర అందరూ పడే గుంట ఒకటుంది. గేమ్‌పోర్ట్ స్టిక్‌లో పొటెన్షియోమీటర్‌కు రెండు కాళ్లకే తీగలుంటాయి, ఎందుకంటే అక్కడ అది కేవలం మారే నిరోధం. కొత్త బోర్డు కొలిచేది వోల్టేజీ. మూడో కాలును కూడా గ్రౌండ్‌కు కలపాలి: ఒక చివర కరెంటు, మరో చివర గ్రౌండ్, మధ్య కాలు బోర్డు అక్షపు పిన్‌కు. మూడో కాలు వదిలేస్తే అంకె గాల్లో ఊగుతుంటుంది. బ్లూ పిల్ వాడితే ఇంకో జాగ్రత్త. దాని అనలాగ్ పిన్నులు 5 వోల్టులు తట్టుకోవు, పొటెన్షియోమీటర్లకు 3.3 వోల్టుల పిన్ నుంచే కరెంటు ఇవ్వాలి. బటన్లను మ్యాట్రిక్స్‌లో (అడ్డ, నిలువు వరుసల తీగల గడిలో) కలిపేటప్పుడు ఒక్కో బటన్‌కు 1ఎన్4148 డయోడ్ పెట్టండి, లేకపోతే మూడు కలిపి నొక్కినప్పుడు నొక్కని నాలుగోది వెలుగుతుంది.

అక్షం ఎగిరిపడటం ఒక్కటే సమస్య అయితే బోర్డు దాకా పోనక్కర్లేదు. స్టిక్ తీగ పీకేసి, ప్లాస్టిక్‌కు హాని చేయని కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు పొటెన్షియోమీటర్ కాళ్ల దగ్గరి సందులో వేసి, ఇరవై ముప్పై సార్లు చివరి నుంచి చివరికి తిప్పి, పూర్తిగా ఆరాక పరీక్షించండి. డబ్ల్యూడీ-40 వద్దు, జిడ్డు మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. శుభ్రం చేసినా కొన్ని వారాలకే తిరగబెడితే కార్బన్ పట్టీ అరిగిపోయింది. అదే విలువది, బి అక్షరం ఉన్న సమరేఖ రకం వేయాలి. ఆడియో కోసం వాడే, ఆంగ్ల 'ఏ' అక్షరం ఉన్న రకం వేస్తే స్టిక్ ఒక పక్క మొద్దుగా, మరో పక్క అతిగా స్పందిస్తుంది.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్‌లను తొందరపడి వదులుకోవద్దు

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటే మోటార్లతో చేతికి ఎదురు శక్తి ఇవ్వడం. యూఎస్‌బీ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 దగ్గరుంటే దానికి ఏ డ్రైవరూ వేయకండి. విండోస్ 10, 11లో అది అలాగే పని చేస్తుంది. స్టిక్ మెత్తగా వేలాడుతోంది, శక్తి రావడం లేదని తోస్తే ముందు పిడిలోని చేతిని గుర్తుపట్టే కాంతి సెన్సర్‌కు దుమ్ము అడ్డుందేమో చూడండి. చెయ్యి లేదనుకుంటే మోటార్లు ఆగిపోవడం దాని పద్ధతి. డీసీఎస్ వరల్డ్ సిమ్యులేటర్ ఈ శక్తులను నేరుగా పంపుతుంది. 2020 మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు తోడు ప్రోగ్రామ్ కావాలి. పాత గేమ్‌పోర్ట్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రో శక్తి ఆదేశాలను మిడి పిన్ మీద అందుకుంటుంది, అందుకే మామూలు అడాప్టర్లు, మామూలు డిజిటల్ ఫర్మ్‌వేర్లు కూడా దాని మోటార్లను లేపలేవు. టీన్సీ 2.0 బోర్డు మీద నడిచే అడాప్ట్ ఎఫ్ఎఫ్‌బీ జాయ్ అన్న ఓపెన్ సోర్స్ పని దానికోసమే పుట్టింది.

కొత్తది కొనడమే మేలయ్యే సందర్భాలూ ఉన్నాయి: గింబల్ వదులై స్టిక్ నడిమికి రాకపోవడం, తీగా పొటెన్షియోమీటర్లూ బటన్లూ మూడూ ఒకేసారి పోవడం, లేదా మీకు టంకం పట్టే ఓపిక లేకపోవడం. కొనేటప్పుడు హాల్ సెన్సర్ (అయస్కాంతంతో కొలిచేది) ఉందా, కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకుండా అన్ని అక్షాలూ బటన్లూ విండోస్‌లో కనిపిస్తాయా అన్న రెండు ప్రశ్నలు వేయండి. రెండోదానికి జవాబు కాదు అని వస్తే పదేళ్ల తరువాత మళ్లీ ఇదే వ్యాసం చదవాల్సి వస్తుంది.

పై దారుల్లో దేన్ని పట్టినా, మొదలుపెట్టే ముందు సిమ్యులేటర్ బటన్ కేటాయింపుల ఫైళ్లను వేరే చోట నకలు తీసి పెట్టుకోండి. డీసీఎస్ ఒక్కో పరికరాన్ని విండోస్ ఇచ్చిన గుర్తింపు సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది, ఆ సంఖ్య ఫైలు పేరులోనే ఉంటుంది. డ్రైవర్ మారినా, అడాప్టర్ మారినా, కొన్నిసార్లు యూఎస్‌బీ రంధ్రం మారినా సంఖ్య మారి కేటాయింపులన్నీ ఖాళీగా కనిపిస్తాయి. పాత ఫైలు చెరిగిపోదు, పక్కనే ఉంటుంది. కొత్త స్టిక్‌కు ఒక బటన్ కేటాయించి సేవ్ చేస్తే కొత్త సంఖ్యతో ఫైలు పుడుతుంది. ఆట మూసేసి, పాత ఫైలుకు ఆ కొత్త పేరు పెట్టి దాని స్థానంలో ఉంచితే అన్నీ తిరిగొస్తాయి.